మోడెంకు పెట్టిన బొట్టు

పెళ్లయిన ఏడాది దసరాకు పుంగనూరులో అత్తగారింటికి వెళ్లాను. అప్పట్లో మదనపల్లెలో ఒక కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెప్పేవాణ్ని. బట్టల కొట్టు నడిపే మా మామగారు ఆ సంగతి బజారంతా చాటారు. ఇంట్లో కొత్తగా బ్రాడ్‌బ్యాండ్ కూడా పెట్టించుకుని, నా పనితనం నలుగురికీ చూపించాలని ఎదురుచూస్తున్నారు.

ఆయుధపూజ నాడు పొద్దున్నే కత్తిపీట మొదలుకొని స్కూటరు దాకా అన్నీ కడిగారు. కంప్యూటర్ జోలికి మాత్రం ఎవరూ రావద్దని నేనే పూనుకున్నాను. అన్నీ తెలిసినవాణ్ననే టెక్కుతో వైర్లన్నీ పీకి, దుమ్ము దులిపి, మళ్లీ గుచ్చాను. తర్వాత అత్తగారు ప్రతి వస్తువుకూ గంధం, కుంకుమ పెట్టి టెంకాయ కొట్టారు.

మర్నాడు మామగారు పక్కింటి పెద్దాయన్ను పిలిచి కుర్చీ వేసి, "సూపియ్యప్పా" అన్నారు. ఫోను బాగానే పలుకుతోంది కానీ నెట్ రాలేదు. కంప్యూటర్ ఆపి మళ్లీ వేశాను. మోడెం ఆపి మళ్లీ వేశాను. ఎవరికీ అర్థం కాకుండా నాలుగు ఇంగ్లీషు మాటలు గొణిగాను. "అల్లుడికి రాదేమోప్పా" అని పెద్దాయన గొంతు తగ్గించి అన్నాడు. నాకు వినబడేంత మాత్రమే తగ్గించాడు. మామగారి మొహం చిన్నబోయింది. నెట్ పోతే పోయింది, ఆ మొహం చూడలేకపోయాను.

ఫిర్యాదుల నంబరుకు ఫోన్ చేస్తే, మోడెం మీద లింక్ లైటు ఏ రంగులో ఉందని అక్కడి అమ్మాయి అడిగింది. తొంగి చూసి ఎర్రగా ఉందన్నాను. మిణుకుమంటోందా అంటే, లేదు, నిలకడగా ఉందని ఖాయంగా చెప్పాను. అలాగే రాసుకుని మనిషిని పంపిస్తామంది. ఫోను పెట్టేసి, తప్పంతా వాళ్ల లైనుదేనని మామగారికి తీర్పు చెప్పేశాను.

రెండు రోజులకు లైన్‌మన్ వచ్చాడు. గదిలో మేమిద్దరమే ఉన్నాం.

"ఎర్ర లైటు యాడుండాది సార్?"

చూపించాను. అతను బొటనవేలితో తుడిచాడు. ఎరుపంతా వేలికి వచ్చేసింది. అత్తగారి కుంకుమ బొట్టు కింద లైటు అసలు వెలగడమే లేదు.

"ఈ మోడెంలో ఎర్ర లైటే లేదు సార్" అన్నాడు నెమ్మదిగా. తర్వాత గోడ దగ్గర, ఫోనుకూ మోడెంకూ లైను పంచే చిన్న డబ్బా చూశాడు. బయటి నుంచి వచ్చే వైరు ఫోను రంధ్రంలో ఉంది, ఫోను వైరేమో బయటి వైరు ఉండాల్సిన రంధ్రంలో ఉంది. రెండూ నేను గుచ్చినవే. అటుది ఇటు మార్చగానే పచ్చ లైటు వెలిగింది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అంతలో మామగారు వచ్చి, "ఏమైండాదప్పా?" అని అడిగారు.

"స్తంభం కాడ వైరు లూజైండాదన్నా. మీ అల్లుడు సెప్పిందే కరెక్టు."

మామగారు ఆ మాట మోసుకుని నేరుగా పక్కింటికి వెళ్లారు.

అతనెందుకు నన్ను కాపాడాడో అర్థం కాలేదు. గేటు దాకా వెంట వెళ్లి థ్యాంక్స్ చెప్పాను.

"మీ కోసరం కాదు సార్" అన్నాడు, సైకిల్ స్టాండు తీస్తూ. "మా పాప దినామూ బస్సెక్కి మదనపల్లెకొచ్చి మీ కాడే కంప్యూటర్ నేర్సుకుంటాండాది. మీకే రాదని తెలిస్తే దాని మనసు ఇరిగిపోతాది."

సెలవులు అయ్యాక, ఆ ఉద్యోగంలో చేరినప్పటి నుంచి మొదటిసారి, పాఠం చదువుకుని క్లాసుకు వెళ్లాను.