చేతులు లెక్కపెట్టే మనిషి

కువైట్‌లోని అల్ రాయ్‌లో మా గోడౌన్ పక్కన లారీ టైర్ల వర్క్‌షాప్ ఉంది. నెలకో రెండు నెలలకో అక్కడ టైరొకటి పేలుతుంది. మొన్న మధ్యాహ్నం కూడా పేలింది. రేకుల కప్పు అదిరింది, టీ తాగుతున్నవాళ్ళ చేతుల్లో గ్లాసులు ఒలికాయి, అందరూ ఒక్కసారిగా అటు తిరిగారు. నేను తిరగలేదు. తిరగనివాడెవడైనా ఉన్నాడా అని మనుషుల మొహాలు చూస్తూ ఉండిపోయాను. పేలుడు వినిపించినప్పుడల్లా నేను చేసే పని ఇదే. తోటివాళ్ళు దీన్ని ధైర్యం అనుకుంటున్నారు. నా గురించి ఉన్న మంచి అభిప్రాయాలు తక్కువ కాబట్టి ఆ ఒక్కదాన్ని దిద్దలేదు. కాలిన రబ్బరు వాసన తగ్గేదాకా ఓబులేసన్న గుర్తొస్తూనే ఉన్నాడు.

ఓబులేసన్నది రాయచోటి దగ్గర పల్లె. జహ్రాలో, మాకు వీసా ఇచ్చిన కఫీల్ ఇంటికి డ్రైవరు. ఇంట్లో పనిచేసేవాళ్ళు యజమానిని బాబా, యజమానురాలిని మామా అనేవాళ్ళు. ఆయన దుకాణంలో పనిచేసే నేనూ అలాగే అనేవాణ్ణి. కోనసీమ నుంచి ఫిజిక్స్ డిగ్రీతో వచ్చి కార్ల సీటు కవర్లు అట్టపెట్టెల్లో సర్దేవాణ్ణి. డిగ్రీ పూర్తిగా వృథా కాలేదు. పెట్టెల మీద రాసింది చదివేవాణ్ణి. ఓబులేసన్న భార్య రమణమ్మ అదే ఇంట్లో వంట చేసేది. ఇంటి వెనక వాళ్ళిద్దరికీ ఒక గది. కువైట్‌లో భార్యాభర్తలిద్దరూ పనిచేసే జంటలు మనవాళ్ళలో చాలానే ఉన్నాయి గానీ, ఒకరు ఒక పేటలో, ఇంకొకరు ఇంకో పేటలో ఉండి శుక్రవారం ఏ పార్కులోనో చూసుకుంటారు. ఒకే ప్రహరీ లోపల, ఒకే గదిలో, ఒకే పొయ్యి మీద అన్నం వండుకోవడం మా అందరి కళ్ళకూ జమీందారీలాగే కనిపించేది. ఆయనకూ ఆ సంగతి తెలుసు. "ఇక్కడ నాకుండేది ఈ గది ఒకటేనప్పా. ఇది పోయిందంటే నేను అర మనిషిని" అనేవాడు.

చలికాలం శుక్రవారాల్లో బాబా ఎడారికి వెళ్ళి తుపాకీ కాల్చేవాడు. రెండో బండిలో చాపలు, నీళ్ళు, కాఫీ ఫ్లాస్కులు, ఖాళీ డబ్బాలు వేసుకుని మేమిద్దరం వెళ్ళేవాళ్ళం. జహ్రా దాటి కరెంటు స్తంభాల వెంట పోయి, ఒకచోట తారురోడ్డు దిగితే పొడవాటి మట్టికట్ట వస్తుంది. ఆ చోటుకి పేరు లేదు. బోర్డు లేదు, గేటు లేదు, కాపలా లేదు. కట్ట ముందు డబ్బాలు పేర్చి ఎవరైనా కాల్చుకోవచ్చు. చట్టం తుపాకీ లైసెన్సు దాకా వచ్చి ఆగిపోయేది. అక్కణ్ణుంచి వ్యవహారం ఓబులేసన్నది. అలాగని ఆయన్నెవరూ నియమించలేదు. ఇరవై ఏళ్ళుగా వస్తున్నాడు, తుపాకీని వేలితోనైనా ముట్టుకోలేదు. బహుశా అందుకే అందరూ ఆయన మాట వినేవాళ్ళు. మొదటి శుక్రవారం దారిలోనే నాకు పాఠం మొదలైంది.

"ముందొచ్చినోళ్ళది కట్ట. మనం ఎనకొచ్చినామనుకో, బండి దూరంగా ఆపల్ల. దిగి, ఉత్త చేతులతో నడిచిపోయి సలాం చెప్పల్ల. వాళ్ళు కాఫీ ఇస్తే తాగల్ల. తాగినాంక అడగల్ల, మేము యాడ నిలబడేది అని."

"కాఫీ ఇవ్వకపోతేనండీ?"

"ఇంటికి పోవల్ల. కాఫీ ఇయ్యనోడి పక్కన తుపాకీ పెట్టుకోని నిలబడేది ఏం బాగుంటాది సామీ?"

ఇంకా ఉన్నాయి. ఎన్ని జట్లొచ్చినా అందరూ ఒకే గీత మీద నిలబడాలి, ఒకరి ముందు ఒకరు కాదు. గాజు సీసాలు కాల్చకూడదు. ఒంటెలు నడిచే నేల అది. దూరాన మంద కనిపిస్తే, కాపరి చెయ్యి ఊపి దాటిపోయేదాకా అందరూ కాఫీ తాగాలి. పక్కవాడి గురి తప్పితే సలహా ఇవ్వకూడదు, నవ్వకూడదు. "నీకా నవ్వు ఆగదు, కాబట్టి నువ్వు కట్ట దిక్కు చూడొద్దు" అన్నాడు నాతో, పరిచయమైన గంటకే. వెళ్ళేటప్పుడు ఖాళీ తూటాలు ఏరాలి, మనవే కాదు, ఎవరివైనా. నేను "ఇవి మనవి కావన్నా" అంటే, "నేల మాత్రం మనదా?" అని సంచీ నా చేతికిచ్చాడు. ఈ దేశంలో ఉండనిచ్చే మా ఇద్దరి ఇఖామాలూ ఆ సంవత్సరం చివరికి అయిపోతాయి. మాట నిజమే.

అన్నిటికంటే పెద్ద నియమం డబ్బాలు సర్దడానికి ముందుకెళ్ళేటప్పటిది. ఓబులేసన్న గీత మీద నిలబడి "ఖలాస్?" అని ఒక్క కేక పెట్టేవాడు. ప్రతివాడూ తుపాకీ ఖాళీ చేసి చాప మీద పెట్టి, కుడిచెయ్యి పైకెత్తాలి. నోటితో ఖలాస్ అంటే ఒప్పుకునేవాడు కాదు. ఇళ్ళలో పదిమంది చేత పని చేయించుకునే పెద్దమనుషులు, హాజరు పిలిచినప్పుడు లేచిన బడిపిల్లల్లా చెయ్యెత్తి నిలబడేవాళ్ళు. ఆయన తాపీగా ఈ చివర నుంచి ఆ చివరకు లెక్కపెట్టేవాడు. తుపాకులెన్నో చేతులన్ని. అప్పుడు కర్రకి కట్టిన ఎర్ర గళ్ళ రుమాలు భుజాన వేసుకుని ముందుకు నడిచేవాడు. డబ్బాలు ఒకదాని మీద ఒకటి పెట్టి, బొమ్మలున్న వైపు మాకు కనబడేలా తిప్పేవాడు. పేలిపోయే డబ్బాకి ఆ మర్యాద ఎందుకని ఎవరూ అడగలేదు.

నేను మాత్రం నాకున్న ఒక్క చదువూ అక్కడ ప్రదర్శించాను. దూరాన కాలుస్తున్న జట్టుని చూపించి, పొగ ముందు కనబడి చప్పుడు తర్వాత ఎందుకు వస్తుందో వివరించాను. ఓబులేసన్న నా మొహం వైపే చూస్తూ అంతా విన్నాడు. చివర్లో, "నాకు పొగ చాలప్పా" అన్నాడు. హాస్యమనుకుని నవ్వాను. ఫిజిక్స్ చదివినవాణ్ణి, ఆ మాత్రం పరిశీలన ఉంటుంది.

సంగతి అర్థమైంది ఇంకో నెలకి. తిరిగొస్తుంటే ఆయన ఎక్కడో ఇండికేటర్ వేసి ఆపడం మరిచిపోయాడు. అది టిక్కు టిక్కుమంటూ జహ్రా దాకా కొట్టుకుంటూనే ఉంది. "అన్నా, ఇండికేటరండి" అన్నాను. రోడ్డు చూస్తున్నాడు. మళ్ళీ గట్టిగా అన్నాను. రోడ్డే చూస్తున్నాడు. అప్పుడు వరసగా అన్నీ గుర్తొచ్చాయి: మొహం చూసి వినడం, ఎప్పుడూ నాకు ఎడమవైపే నిలబడడం, నోటి మాట చాలదని చేతులు ఎత్తించడం. చెవులకు పెట్టుకునే మెత్తటి డిప్పలు కాల్చేవాళ్ళకు ఉండేవి. డబ్బాలు సర్దేవాళ్ళకు కూడా చెవులుంటాయని ఇరవై ఏళ్ళలో ఎవరికీ తట్టలేదు. నాక్కూడా ఆ రోజుదాకా తట్టలేదు.

ఆ సాయంత్రం వంటింటి వెనక తలుపు దగ్గర రమణమ్మ నాకు పులగం, పచ్చడి కట్టిన డబ్బా ఇస్తూ నా మొహం చూసింది. "తెలిసిపోయిందా నాయనా?" అంది. నేను డబ్బా మూత సరిచేసుకున్నాను. "బాబాకి గాని, మామాకి గాని తెలిసిందంటే ఆయప్పని పంపించేస్తారు. నన్ను పంపరు. మామా వాళ్ళమ్మ మంచంలో ఉండాది, ఆయమ్మ నా చేత్తో తప్ప తినదు. వారంవారం నువ్వు పోతాండావు గదా, పక్కన నిలబడు నాయనా. ఆయప్పకి వినపడంది నువ్వు చూసి చెప్పు."

అలా నేను ఒక మనిషికి చెవులయ్యాను. ఉద్యోగాల్లో అంతకంటే పెద్దది నాకు అప్పటికీ రాలేదు, తర్వాతా రాలేదు. మా ఏర్పాటు ఇది: ఆయన చేతులు లెక్కపెట్టాక నా వైపు చూస్తాడు. బండి శబ్దం ఏమైనా వస్తోందా, గీత మీద లేని తుపాకీ ఇంకెక్కడైనా ఉందా అని నేను చూసి, విని, అప్పుడు నా చెయ్యి ఎత్తుతాను. ఆఖరి చెయ్యి నాది. అది లేస్తేనే ఆయన నడుస్తాడు. బాబా మనవల్ని బడికి తీసుకెళ్ళే కారు కూడా ఆయనే నడుపుతాడన్న సంగతి నాకు తెలియంది కాదు. దాని గురించి ఆలోచించకుండా ఉండడం సాధన చేశాను. ఒక చలికాలమంతా బాగానే గడిచింది.

రెండో చలికాలం చివర్లో ఒక శుక్రవారం, బాబా, ఆయన తమ్ముడు. పక్క జట్టులో ముగ్గురు. మొత్తం ఐదు తుపాకులు. గాలి కాస్త ఎక్కువగా ఉంది. పక్క జట్టు డ్రైవరు హైదరాబాదు మనిషి, తెలుగు వచ్చు. అతనికి నేనొక జోకు చెబుతున్నాను. ఆ జోకు ఇప్పుడు గుర్తులేదని రాస్తే బాగుండేది. గుర్తుంది. అసలు మాట ఇంకా చెప్పలేదు, సరిగ్గా అప్పుడే ఓబులేసన్న "ఖలాస్?" అని కేక పెట్టాడు. చేతులు లేచాయి. ఆయన నా వైపు చూశాడు. నేను జోకు ఆపకుండానే, అతని మొహం మీంచి చూపు తిప్పకుండానే, చెయ్యి ఎత్తాను.

ఐదో మనిషి ఫోను మాట్లాడుతూ తుపాకీతో సహా జీపు వెనక్కి వెళ్ళి ఉన్నాడు. మాట్లాడడం అయిపోయి జీపుకి అవతలి పక్క నుంచి వచ్చాడు. కట్టకి ఆ చివర ఒక డబ్బా మిగిలి ఉంటే దాన్ని కాల్చాడు. ఓబులేసన్న ఈ చివర, జీపు చాటున ఉన్నాడు. ఆ మనిషికి కనబడలేదు. ఎవరికీ ఏమీ కాలేదు. గుండ్లు ఎక్కడో ఇసుకలో పడ్డాయి. కానీ గీత మీద ఉన్నవాళ్ళందరూ ఉలిక్కిపడి అరిచారు. బాబా "ఓబులేస్! ఓబులేస్!" అని గొంతు చించుకున్నాడు. ఆ మనిషి తుపాకీ కింద పడేసి తల పట్టుకున్నాడు. ఇంత గోలలో ఓబులేసన్న మాకు వీపు పెట్టి వంగి డబ్బాలు సర్దుతున్నాడు. ఒకటి పక్కకి తిరిగి ఉందని, దాన్ని మళ్ళీ తీసి, బొమ్మ మా వైపు వచ్చేలా పెట్టాడు.

అరుపులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో అందరూ ఆ వీపునే చూశారు. తర్వాత ఆయన రుమాలు కర్ర భుజాన వేసుకుని ఇటు తిరిగాడు, మా మొహాలు చూశాడు, నడక నెమ్మదించింది. దగ్గరికొచ్చి నన్ను అడిగాడు, "ఏమైనాదప్పా?" బాబా ముందుకొచ్చాడు. ఆయన్ని చాప మీద కూర్చోబెట్టి, తన చేత్తో కాఫీ పోసి ఇచ్చాడు. ఇరవై ఏళ్ళలో ఆయన ఓబులేసన్నకి కాఫీ పోయడం అదే మొదటిసారి. అంటే ఏమిటో కాఫీ అందుకున్నవాడికి వెంటనే తెలిసింది.

చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఆ తర్వాత ఇఖామా రద్దు, టిక్కెట్టు, బాబా కొనిచ్చిన కొత్త సూట్‌కేసు. కారులో మనవలుంటారు, బాబా చేసింది తప్పని నేను అనలేను. అనాలని చాలాసార్లు ప్రయత్నించాను. రమణమ్మ తానూ పోతానంది. మామా ఏడ్చింది, పోవద్దంది. ఇద్దరిలో ఒకరైనా ఉండకపోతే ఊళ్ళో గడవదని ఓబులేసన్నే నచ్చజెప్పాడు. ఎయిర్‌పోర్టుకి నేనే తీసుకెళ్ళాను. దారిలో బండి పక్కకి ఆపి, ఆయనకి నా నోరు కనబడేలా తిరిగి చెప్పాను. "అన్నా, ఆవేళ నేను చూడకుండా చెయ్యెత్తానండి. జోకు చెబుతూ ఎత్తేశాను."

ఆయన నా నోటి వైపు కాసేపు చూశాడు. "తెలుసప్పా" అన్నాడు. "నేను చేతులు లెక్కపెడతా గదా. నాలుగే ఉన్యాయి."

"మరి ఎందుకు వెళ్ళారండీ?"

"నువ్వెత్తినావు గదా" అన్నాడు, అదేదో నాకే తెలిసుండాల్సిన విషయమన్నట్టు. మళ్ళీ, "రమణమ్మకి గాలి ఎక్కువుండింది, నీకేమీ వినపల్లేదని చెప్పినా. నువ్వూ అదే చెప్పు. పాపం, నీ డబ్బా ఆయమ్మే కడతాది" అన్నాడు. జీవితంలో నా హాస్యం చూసి నవ్వినవాళ్ళు చాలామంది ఉన్నారు. తిరిగి నాకే జోకు చెప్పినవాడు ఆయనొక్కడే.

ఆ తర్వాత శుక్రవారాలు భార్యాభర్తలు ఫోన్లో బొమ్మ పెట్టుకుని మాట్లాడుకునేవాళ్ళు. మాట్లాడుకునేవాళ్ళంటే, ఆవిడ గదిలో గోడకి ఫోను ఆనించి, తిన్నావా అన్నట్టు చేత్తో సైగ చేసేది, ఆయన చెయ్యెత్తేవాడు. మాత్ర వేసుకున్నావా? చెయ్యెత్తేవాడు. నేను పక్కనుంటే నా వంతు వచ్చేది: కట్ట దగ్గర తూటాలు ఏరుతున్నారా అని ఆయన అడిగేవాడు. ఈసారి నేను ఎత్తేవాణ్ణి. రెండేళ్ళ తర్వాత వానాకాలంలో జ్వరం వచ్చి పోయాడు. రమణమ్మకి సెలవు, టిక్కెట్టు కుదిరేసరికి కార్యక్రమాలు అయిపోయాయి. నెలరోజులుండి తిరిగొచ్చింది. గది అదే. ఇప్పుడు ఆవిడతో ఇంకో పనిమనిషి ఉంటుంది.

బాబా పెద్దవాడయ్యాడు. తమ్ముడి కొడుకులు కాలుస్తుంటే కుర్చీలో కూర్చుని చూస్తాడు. ఎర్ర గళ్ళ రుమాలు ఇప్పుడు నా భుజాన ఉంటుంది. దూరంగా బండి ఆపి, ఉత్త చేతులతో వెళ్ళి సలాం చెబుతాను, కాఫీ తాగుతాను, ఖలాస్ అని కేక పెట్టి చేతులు లెక్కపెడతాను. లెక్క సరిపోయాక కూడా బళ్ళ వెనక ఒకసారి తిరిగి చూసి వస్తాను. కొత్తగా వచ్చినవాళ్ళు విసుక్కుంటారు, బాబా విసుక్కోడు. డబ్బాల బొమ్మలు గీత వైపు తిప్పుతాను. కట్ట దగ్గర నేను జోకులు చెప్పను.

శుక్రవారం పొద్దున బయల్దేరే ముందు రమణమ్మ వెనక తలుపు దగ్గర పులగం డబ్బా ఇస్తుంది. ప్రతిసారీ ఒకటే మాట. "ఆ పొద్దు గాలి గాని లేకుంటే ఆయప్ప ఈడనే ఉండేటోడు, గదా నాయనా?"

నా రెండు చేతుల్లో ఒకటి ఖాళీగానే ఉంటుంది. అది ఎత్తుతాను. ఆవిడ నమ్మి లోపలికి వెళ్ళిపోతుంది.