బొజ్జ అక్షరాలు

గల్ఫ్‌లో, రుసైల్‌లో నేను పనిచేసే ఫ్లెక్సీల షాపు కంప్యూటర్‌లో ఒక రకం తెలుగు అక్షరాలున్నాయి. లావుగా, గుండ్రంగా, బొజ్జలు ముందుకు పెట్టుకుని, తలకట్లను టోపీల్లా ఓ పక్కకు వంచుకుని ఉంటాయి. బొజ్జ అక్షరాలని నేనే పేరు పెట్టాను. మొదట్లో వాటిని చూస్తేనే నాకు ఒళ్లు మండేది. సన్నగా, ఒద్దికగా ఉండేదే అక్షరం అనుకునే రకం నేను.

వాటికి తిండి, ఆట, అమ్మకం పడతాయి. ‘జ్యూస్’ అని రాస్తే చాలు, దాహం వేస్తుంది. గంభీరమైన మాట అప్పగించామా, పరువు తీస్తాయి. తెలుగు రాని సూపర్‌వైజర్ ఒకాయన ముచ్చటపడి సైట్‌కి ‘ప్రమాదం’ బోర్డు వాటితోనే కొట్టించుకున్నాడు. మనవాళ్లు లోపల భోజనాలేమోనని తొంగిచూశారట. పైగా వాటికి చోటెక్కువ కావాలి. మాటలు పెరిగితే ఒకదాని మీద ఒకటి పడి ఊపిరాడక చస్తాయి.

మా రూమ్‌లో జగిత్యాల వైపు నుంచి వచ్చిన తాపీ పనివాడు ఉన్నాడు. కూతురు పాలు తాగే వయసులో ఇక్కడికి వచ్చాడు. ఇప్పుడా పిల్ల బడికి వెళ్తోంది. వీడియో కాల్‌లో తండ్రి ముఖం కనబడగానే ఎవరో కొత్తాయన అన్నట్టు తల్లి కొంగు వెనక్కి దూరుతుంది. ఒక్కసారీ అతణ్ణి పిలవలేదు. కానీ కొత్తగా చదువు వచ్చిన ఉత్సాహంలో సబ్బు కాగితం నుంచి బస్సు బోర్డు దాకా గట్టిగా చదివేస్తోందట.

“అన్నా, నా బిడ్డ పుట్టినరోజు. గోడకు ఒక బ్యానర్ కట్టియ్యి. గా బ్యానర్ సూసన్న పిల్ల నిలవడతది,” అన్నాడు.

నా అభిరుచికి తగ్గట్టు సన్నటి అక్షరాలతో శుభాకాంక్షలు, దీవెనలు, నాలుగు పువ్వులు వేసి తెచ్చాను. శుక్రవారం పొద్దున కాల్ కలిసింది. పాప కళ్లు చికిలించింది. “గీతలున్నయ్,” అని పారిపోయింది. అతను ఆ బ్యానర్ కిందే కూర్చుండిపోయాడు. నాకు ప్రాణం ఉసూరుమంది.

“జర పెద్దగ రాయరాదు అన్నా. ఒక్క మాట సాలు.”

ఆ మాట ‘బాపు’. వాళ్ల వైపు తండ్రిని అలాగే పిలుస్తారు. దానికి బొజ్జ అక్షరాలు తప్ప గతి లేదని ఒప్పుకున్నాను. అట్ట నిండా రెండే అక్షరాలు. ‘బా’ కడుపు నిండా తిని కూర్చుంది, ‘పు’ పక్కనే కాలు జాపింది.

మరుసటి శుక్రవారం అట్ట పట్టుకుని అతని వెనక నిలబడ్డాను. తన ఫోన్‌లో అక్షరాలు అద్దంలోలా తిరగబడి కనిపించేసరికి “ఉల్టా అస్తున్నయన్నా!” అని అతని గోల.

“నీకే ఉల్టా, పాపకి కాదు. కాస్త నోరు మూసుకో తమ్ముడూ.”

పాప కొంగులోంచి బయటికి వచ్చింది. “బా... పు,” అని చదివింది. ఇంకోసారి చదివింది. నవ్వుతూ ఫోన్ దగ్గరికి వచ్చి ఆ బొజ్జను వేలితో పొడిచింది.

చేతులు నొప్పెట్టి అట్ట దించేశాను. పాప పారిపోలేదు. తెర మీద మిగిలిన మనిషిని తేరిపార చూసింది.

“బాపూ, గా లావుది ఏడికి వోయింది?”

అతను ఏడుస్తున్నాడు. పాపకు కనబడకుండా అట్టను అతని ముఖానికి అడ్డం పెట్టాను. బొజ్జ అక్షరాలు ఆ పనికీ సరిపోయాయి.