దోహా నుంచి ముందే తిరిగొచ్చిన ఏసమ్మ

మా ధవళేశ్వరం లాకుల పేటలో గల్ఫ్ వెళ్ళొచ్చిన ఆడవాళ్ళు చాలామందే ఉన్నారు. రెండేళ్ళ వీసా మీద వెళ్ళి ఏడాది తిరక్కుండానే వచ్చేసింది మాత్రం ఏసమ్మ ఒక్కతే. 2005 ఎండాకాలంలో ఒక మిట్టమధ్యాహ్నం ఆటో దిగి, సూట్‌కేసు తనే మోసుకుంటూ ఇంట్లోకి వెళ్ళింది. వస్తున్నట్టు ముందుగా కబురైనా లేదు. "పనిచేసే ఇంటాయన దేశం విడిచి వెళ్ళిపోయాడు, పని అయిపోయింది" అంది. అంతకు మించి ఎవరికీ ఒక్క మాట చెప్పలేదు.

పేట ఊరుకుంటుందా? పక్కింటి సుబ్బాయమ్మ చర్చి మెట్ల మీదే మొదలుపెట్టింది.

"ఆ ఇంట్లో ఆడదిక్కు లేదంట గదా. మగాడొక్కడేనంట. అదీ తెల్లోడంట."

ఆ మాట తిరిగి తిరిగి ఏసమ్మ భర్త వీరాస్వామి చెవిన పడింది. వీరాస్వామి ఇరిగేషన్ వాళ్ళ దగ్గర లస్కరు. కాలువ లాకుల తలుపులు ఎత్తడం, దించడం అతని పని. నోట్లోంచి మాట రావడమే కష్టం. భార్యను ఏమీ అడగలేదు. ఆమె ఇంట్లో లేనప్పుడు సూట్‌కేసు తెరిచి, చీరల మడతలు విప్పి చూసి, మళ్ళీ అలాగే పెట్టేశాడు. కూతురు ఆశాజ్యోతి రాజమండ్రిలో నర్సింగ్ చదువుతూ, అప్పుడప్పుడు వీధి చివర ఎస్టీడీ బూతుకి ఫోన్ చేసేది. ఏసమ్మ మాట్లాడడానికి వెళితే అతనూ వెనకే వెళ్ళి, బీడీ కాల్చుకుంటున్నట్టు బూతు బయట నిలబడేవాడు. ఆమె కాలువ మెట్ల మీద బట్టలుతుకుతూ ఒక్క క్షణం చెయ్యి ఆపితే, ఎవరు గుర్తొచ్చారోనని చూసేవాడు.

ఇదంతా ఏసమ్మకు తెలుసు. తెలిసీ ఊరుకుంది. జరిగింది చెబితే ఇంకా అప్రదిష్ట అనుకుంది.

దోహాలో ఆమె పనిచేసింది ఒక ఫుట్‌బాల్ ఆటగాడి ఇంట్లో. ఎలాడియో అని స్పెయిన్ దేశస్థుడు. సొంత దేశంలో మంచి క్లబ్బులకే ఆడాడట. ముప్ఫై దాటాక అక్కడ ఎవరూ పిలవకపోతే అరబ్బుల క్లబ్బులో చేరాడు. పెళ్ళాం, పిల్లలు స్పెయిన్లోనే ఉన్నారు. ఆ పేరు నోరు తిరగక ఏసమ్మ అతన్ని బైబిల్లో ప్రవక్త పేరు పెట్టి ఏలియా బాబు అనేది. అతనూ పలికేవాడు.

మొదట్లో ఆమెకే అతని మీద అనుమానం. చెత్తబుట్టలో సూదులు కనిపించేవి. ప్రతి గురువారం సాయంత్రం ఒక డాక్టరు పెరటి తలుపు గుండా వచ్చేవాడు. ఇద్దరూ గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకునేవాళ్ళు. మత్తుమందుల మనిషేమో, పోలీసులొస్తే తన గతేంటని ఏసమ్మ హడలిపోయింది. ఒక గురువారం తలుపు సరిగ్గా పడలేదు. ఎలాడియో మంచం మీద పళ్ళు బిగించుకుని ఉన్నాడు. ఎడమ మోకాలు తాటికాయంత వాచి ఉంది. డాక్టరు అందులోంచి సూదితో నీరు లాగుతున్నాడు.

ఆమెను చూసి ఎలాడియో నోటి మీద వేలు పెట్టుకున్నాడు. తర్వాత వంటింట్లోకి కుంటుతూ వచ్చి, వచ్చీరాని ఇంగ్లీషులో, సైగలతో చెప్పాడు: ఈ మోకాలి సంగతి క్లబ్బుకు తెలిస్తే ఆట అయిపోయినట్టే. ఏసమ్మ తలూపింది. అప్పట్నుంచి గురువారాలు పెరటి తలుపు గడియ తనే తీసి ఉంచేది.

కొన్ని వారాల తర్వాత, అతను ప్రాక్టీసుకు వెళ్ళిన సమయంలో క్లబ్బు మనుషులిద్దరు వచ్చారు. "గురువారం పెరటి దారిన వచ్చేదెవరు?" అని అడిగారు. "ఎవరూ రారు సార్" అంది ఏసమ్మ. మళ్ళీ అడిగారు. మళ్ళీ అదే చెప్పింది. వాళ్ళు వచ్చినట్టు ఎలాడియోకి చెప్పడానికి ధైర్యం చాలలేదు. తన మీదికే వస్తుందనుకుంది.

చివరికి ఆమె మీదికే వచ్చింది. క్లబ్బు వాళ్ళు మోకాలికి స్కానింగ్ తీయించి అతన్ని తీసేశారు. ఆ రోజు ఎలాడియో వంటింటి గుమ్మంలో నిలబడి "నువ్వే చెప్పావు" అన్నాడు. ఆమె ఏదో అనబోయింది. వినలేదు. వారంలో విమానం ఎక్కించేశాడు. చాడీలు చెప్పానన్న నింద మీద పని పోగొట్టుకున్నానని మొగుడితో ఎలా చెప్పుకోను అనుకుంటూ వచ్చింది ఏసమ్మ. వచ్చాక చెప్పనూ లేదు.

2007 ఫిబ్రవరిలో ఒక ఉదయం వీరాస్వామి లాకు తలుపుకు గ్రీజు పెడుతున్నాడు. గట్టు మీద ఒక పొడుగాటి తెల్లవాడు భుజానికి సంచీ వేసుకుని వస్తున్నాడు. దగ్గరకొచ్చి "ఏసమ్మా?" అన్నాడు.

వీరాస్వామి చేతిలో గ్రీజు గుడ్డ అలాగే ఉండిపోయింది. తను భర్తనని చెప్పలేదు. పైనుంచి కిందికి చూసి, రమ్మని తలాడించి ముందు నడిచాడు. దారంతా వెనక్కి తిరిగి తిరిగి చూస్తూనే ఉన్నాడు. సుబ్బాయమ్మ బిందె పంపు కిందే వదిలేసి వాళ్ళ వెనకాల వచ్చింది.

ఏసమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. గుమ్మంలో భర్త, అతని వెనక ఎలాడియో. చేట కింద పెట్టి లేచి నిలబడింది.

"ఎవరే?" అన్నాడు వీరాస్వామి. ఆమె దోహా నుంచి వచ్చాక, దాదాపు రెండేళ్ళకు అతను అడిగిన మొదటి ప్రశ్న అదే.

"నేను పనిచేసిన ఇంటాయన."

ఆదివారం కాబట్టి ఆశాజ్యోతి ఇంట్లోనే ఉంది. ఎలాడియో ఇంగ్లీషులో మాట్లాడుతుంటే ఆ పిల్లే తెలుగులో చెప్పింది. ఇప్పుడు కలకత్తాలో ఒక క్లబ్బుకు ఆడుతున్నాడట. దోహా తర్వాత ఇంకో రెండు దేశాలు తిరిగాడట. ఈ సీజనుతో ఆట మానేస్తాడట. మధ్యలో ఇంటికి వెళితే పెళ్ళాం ఫోన్లో మాట్లాడినా తన గురించే ఎవరికో చెబుతోందేమో అనిపించేదన్నాడు. ఆమె విసిగి వేరుగా ఉంటోందట. ఏసమ్మ పాస్‌పోర్టులో చదివిన ఊరి పేరు గుర్తుపెట్టుకుని, కోరమాండల్ రైలెక్కి వచ్చాడు.

ఆశాజ్యోతి ఆగింది.

"చెప్పవే, ఇంకేమంటున్నాడు?" అంది ఏసమ్మ.

"అప్పుడు క్లబ్బువాళ్ళకి చెప్పింది నువ్వేనా అని అడుగుతున్నాడమ్మా. నిజం చెప్తే చాలంట. కోపం లేదంట."

ఏసమ్మ ముఖం ఎర్రబడింది.

"కోపం లేదా? కోపం ఉండాల్సింది నాకు! చెప్పు ఆయనకి. క్లబ్బోళ్ళు వస్తే, ఎవరూ రారని అబద్ధం ఆడాను. ఇక్కడ చర్చిలో పాస్టరు అయ్యగారి ముందు కూడా ఒప్పుకోలేదది. ఒక పరాయి మనిషి కోసం ఆడానని సిగ్గుపడి."

ఆశాజ్యోతి చెప్పింది. ఎలాడియో తల అడ్డంగా ఊపాడు. ఆ ఊపులో నమ్మకం లేదని అందరికీ తెలిసింది.

అంతవరకూ గోడకు ఆనుకుని నిలబడ్డ వీరాస్వామి అప్పుడు ముందుకొచ్చాడు. "ఒరే నాయనా, ఇందాక గట్టు మీద వస్తుంటే చూశాను. ఎడం కాలు ఈడుస్తున్నావు. ఇవాళే చూసిన నాకు తెలిసింది. రోజూ చూసేవాళ్ళకి మా ఆవిడ చెప్పాలా?"

మైదానంలో ఎప్పుడూ కుంటలేదన్నాడు ఎలాడియో. గొంతు పెంచాడు. వీరాస్వామీ పెంచాడు. ఒకరి మాట ఒకరికి అర్థం కాకుండానే ఇద్దరూ కాసేపు అరుచుకున్నారు. మధ్యలో ఆశాజ్యోతి తల్లివైపు తిరిగింది.

"అమ్మా, వాళ్ళు వచ్చినప్పుడు ఏమడిగారో సరిగ్గా చెప్పు."

"గురువారం పెరటి దారిన వచ్చేదెవరు అన్నారు."

ఆ మాట ఇంగ్లీషులోకి వెళ్ళగానే ఎలాడియో అరుపు ఆపేశాడు. మళ్ళీ చెప్పమన్నాడు. ఆశాజ్యోతి మళ్ళీ చెప్పింది. అప్పటికే వాళ్ళకు గురువారమనీ తెలుసు, పెరటి దారనీ తెలుసు. ఆ రెండూ తెలిసినవాళ్ళు ముగ్గురే. తను, ఏసమ్మ, డాక్టరు. ఏసమ్మే చెప్పుంటే మళ్ళీ వచ్చి ఏసమ్మనే ఎందుకడుగుతారు? డాక్టరు చెప్పింది రూఢి చేసుకోవడానికే అడిగారన్నమాట.

ఎలాడియో నులక మంచం మీద కూర్చుండిపోయాడు. ఆ డాక్టరుకు ఇప్పటికీ ప్రతి క్రిస్మస్‌కీ ఫోన్ చేస్తున్నాడట. ఈ సంగతి చెబుతున్నప్పుడు అతని చెవులు కందిపోయాయి. తర్వాత లేచి ఏసమ్మకు ఎదురుగా నిలబడి తెలుగులో ఒక్క ముక్క అన్నాడు. దోహా వంటింట్లో ఆమే నేర్పిన మాట.

"తప్పయింది."

ఏసమ్మ వంటింట్లోకి వెళ్ళి, కాసేపటికి అన్నం, చేపల పులుసు కంచంలో పెట్టి తెచ్చింది. అతను తిన్నాడు. ముళ్ళు తీసుకోవడం రాక అవస్థ పడుతుంటే వీరాస్వామే ఒలిచి పెట్టాడు. సాయంత్రం బండికి రాజమండ్రి దాకా తీసుకెళ్ళి ఎక్కించి వచ్చాడు.

తిరిగొచ్చి చెప్పులు విప్పుతూ, "మరి నాకెందుకు చెప్పలేదే ఇన్నాళ్ళూ?" అన్నాడు.

"సూట్‌కేసు వెతికావు గానీ నన్ను అడిగావా?"

రాత్రి వీరాస్వామి కంచం ముందు కూర్చుని, ఆ దోహా ఇల్లు ఎలా ఉండేదని అడిగాడు. గదులెన్ని, వంటగ్యాసు ఎలా వచ్చేది, ఆదివారం చర్చికి పంపేవాడా అని. ఏసమ్మ ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయింది.

ఎలాడియో ఆ వేసవిలో ఆట మానేసి స్పెయిన్ వెళ్ళి, పిల్లలకు ఆట నేర్పే పనిలో చేరాడని ఆశాజ్యోతికి ఒకసారి ఫోన్ చేసి చెప్పాడు. పెళ్ళాం తిరిగొచ్చిందో లేదో చెప్పలేదు, ఆ పిల్లా అడగలేదు. ఏసమ్మ మళ్ళీ గల్ఫ్ వెళ్ళలేదు. బడిలో మధ్యాహ్న భోజనం వండే పనికి కుదిరింది.

ఆ తెల్లవాడు వచ్చివెళ్ళిన మర్నాడు సుబ్బాయమ్మ లాకు దగ్గరకే వచ్చి వీరాస్వామిని అడిగింది. "ఎవరన్నయ్యా ఆ దొర? అంత దూరం నుంచి ఊరికే వస్తాడా?"

"మా ఆవిడకి తప్పయిందని చెప్పడానికి వచ్చాడు" అన్నాడు వీరాస్వామి.

సుబ్బాయమ్మ అతని ముఖంలోకి తేరిపార చూసి, మూతి తిప్పుకుని వెళ్ళిపోయింది. మొగుడూ పెళ్ళాలిద్దరూ కలిసి ఏదో దాస్తున్నారని తర్వాతి ఆదివారానికల్లా చర్చి మెట్ల మీద చెప్పుకున్నారు.