మెరూన్ చీర ముక్క బరువు

నిన్న ఉదయం నెల్లూరు బస్టాండులో మా డ్రైవరు అద్దం ముందు రెండు నిమ్మకాయలు పెట్టి, కాసేపు ఆలోచించి, ఒకటి తీసి జేబులో వేసుకున్నాడు. ఆరున్నరకు బస్సు కదిలింది. నా సంచిలో మూడు రోజుల శిక్షణ పాఠం చిత్తుప్రతి ఉంది. ఇప్పటికే కాన్పులు చేస్తున్న నర్సులు, కాన్పయ్యాక ఆగని రక్తస్రావాన్ని తొందరగా పసిగట్టడానికి నేను రాసింది. సోమవారం అచ్చుకు వెళుతుంది. తప్పుంటే ఆ తప్పే పాఠమవుతుంది. అందుకే ముందు పని తెలిసినవాళ్లకు చూపిద్దామని బయలుదేరాను.

ఎనిమిదింటికి ఆత్మకూరులో దిగి, డిపో ఎదుట ముప్పై రూపాయలకు ఇడ్లీ తిని, ఉదయగిరి బస్సెక్కాను. ఆధార్ చూసి ఆడవాళ్లకిచ్చే సున్నా టికెట్ ఇస్తూ కండక్టరమ్మ అడిగింది: “ఆడ ఎవరుండారు పాపా నీకు?”

“ఎవరూ లేరండీ. నర్సులకు ట్రైనింగ్ పని.”

“నువ్వా నేర్పేది?” అని నవ్వింది. “వాళ్లు గట్టోళ్లు. నా రెండు కాన్పులూ వాళ్లే చేసినారు.”

పది దాటాక కొండ కనబడింది. ప్రసూతి కేంద్రం స్టాండు నుంచి నడిచే దూరమే. రమణమ్మక్క ఇరవై ఏళ్లుగా అక్కడ కాన్పులు చేస్తోంది. షాహీనా కొత్తగా చేరిన నర్సు. తెల్లటి గాజుగుడ్డల మీద రక్తానికి బదులు ఎర్రనీళ్లు కొలిచి పోశాను. మరకను చూసి ఎంత రక్తం పోయిందో చెప్పడమే అభ్యాసం. ఇద్దరూ తడుముకోకుండా చెప్పారు. నాకు సంతోషం వేసింది.

రమణమ్మక్క లోపలికెళ్లి ఉతికిన పాత నూలు చీర ముక్క తెచ్చింది. ముదురు మెరూన్ రంగు. కాన్పుకు వచ్చేవాళ్లు ఇళ్ల నుంచి తెచ్చుకునేవి ఇలాంటివేనట. మిగిలిన ఎర్రనీళ్లు దాని మీద ఒంపి, “ఇప్పుడు చెప్పు, ఎంత పోయింది?” అంది.

మరకే కనబడలేదు. గుడ్డను వెలుతురుకు తిప్పి చూశాను, అయినా తెలియలేదు.

“అక్కా, ఊరుకోక్కా. పిల్ల ఏడ్చేట్టుండాది,” అంది షాహీనా.

“ఏడవబాక పాపా,” అంది రమణమ్మక్క. “నేనూ మోసపోయినా. మొన్న ఇట్టాంటి గుడ్డ చూసి ఏం కాలేదులే అనుకున్నా. ఎత్తితే బరువు! అప్పుడు పరిగెత్తినాం. తల్లి దక్కింది.”

మొదటి రోజు పాఠం అక్కడే కొట్టేశాను. షాహీనా క్యారియర్‌లోని అన్నం ముగ్గురం పంచుకుని, మళ్లీ రాశాం. ఇళ్ల నుంచి వచ్చే గుడ్డలతోనే అభ్యాసం. బిడ్డను తూచే కాటా మీద గుడ్డను పొడిగా ఒకసారి, తడిశాక ఒకసారి తూచాలి; ఆ తేడాయే పోయిన రక్తం. కాటా అందుబాటులో లేకపోతే చేత్తో ఎత్తి చూడాలి.

నాలుగింటి బస్సులో తిరిగి వస్తూ ఆ కాగితాలు మళ్లీ చదువుకున్నాను. నా చేతిరాత మధ్య వాళ్లిద్దరి మాటలున్నాయి. నేను తెలియక చేసిన తప్పును నవ్వులపాలు చేయకుండా సరిదిద్దినందుకు వాళ్లకు ఎంతో రుణపడి ఉన్నాను. మీరెప్పుడైనా అటు వెళితే, ఉదయగిరిలో దిగగానే తిరుగు బస్సు వేళలు అడిగి పెట్టుకోండి.

బయలుదేరే ముందు రమణమ్మక్కతో ఒక సంగతి చెప్పేశాను. ఆమె ఆశ్చర్యపోలేదు. “ట్రైనింగ్ మొదలయ్యే లోపల వచ్చి నాలుగు రోజులు మా కాడ ఉండు,” అంది. నేను ఇంతవరకు ఒక్క కాన్పు కూడా చూడలేదు.