కాసులపేరుకు నాగు లెక్క

మా ఆయనకు వేరుశనక్కాయలు ఒలిచే మిషను మీద మనసు పడింది. ఎర్రగుంట్లలో ఒకటి తిరుగుతుంటే చూసొచ్చి, మూడు రోజులు అదే పాట. ధర ఏడు వందలు. ఏడాదికి ఒలుపు కూలి మూడు వందలు మిగులుతుందట, నాలుగేళ్లకు పన్నెండు వందలట. పెట్టుబడి మాత్రం నా కాసులపేరు. అది అమ్మాలట. పెళ్లయి రెండేళ్లన్నా కాలేదు.

మా అత్తకు అక్షరం ముక్క రాదు. కానీ ఊళ్లో సగం మందికి గింజలు నాగుకిచ్చేది ఆమే. ఇప్పుడు మూట ఇస్తే సుగ్గికి, అంటే పంట ఇంటికొచ్చే వేళకు, మూటన్నర తిరిగి రావాలి. కొడుకు లెక్క విని, ముందర కాయలు పోసుకుని కుప్పలు పెట్టింది.

"వచ్చే సుగ్గికి మూడొందలంటే ఈ పొద్దుకు రెండొందలే కదప్పా. ఆపై సుగ్గిది ఇంకా తగ్గుతాది. నాలుగూ కలిపినా ఐదొందలు లేవు. దానికి ఏడొందలు పోస్తావా?"

నాకు ప్రాణం లేచొచ్చింది. ఆయన మాత్రం ఆ పూట సంగటి ముట్టలేదు. ఆ ముఖం చూడలేకపోయాను. నా నోరు ఊరుకుంటుందా, అనేశాను.

"అత్తా, అది గింజల లెక్క. కాసులపేరు పెట్టెలో ఉంటే నాలుగేండ్లకైనా అవే కాసులు. మిషనుకు పెడితే ఏడొందలకు పన్నెండొందలొస్తాయి కదా."

అత్త నన్ను ఎగాదిగా చూసి నవ్వింది. "నీ సొమ్ము, నీ మాట. ఇంకేమప్పా, పోయి తెచ్చుకో."

నా గొయ్యి నేనే తవ్వుకున్నాను. కాసులపేరు పోయింది, మిషను వచ్చింది. దాని చప్పుడు విన్నప్పుడల్లా మెడ తడుముకునేదాన్ని.

నాలుగో సుగ్గికి ఆయన కొత్త కాసులపేరు చేయించుకొచ్చి నా చేతిలో పెట్టాడు. నాకు కళ్లనీళ్లు ఆగలేదు. అత్త దాన్ని తీసుకుని, ఒక్కో కాసూ లెక్కబెట్టి, కొడుకు వైపు తిరిగింది.

"కాసులన్నీ ఉండాయి. నాలుగేండ్ల నాగు యాడ?"

ఆయన తెల్లబోయాడు. "పెట్టెలో ఉంటే అవే కాసులని ఆమే చెప్పె కదమ్మా."

"పెట్టెలో ఉన్నన్నాళ్లు అంతే. బయటికొచ్చి నీకు పని చేసిపెట్టె కదా, ఇంక దానికీ నాగే. ఊరోళ్లనే ఇడిసిపెట్టనిదాన్ని, నిన్ను ఇడిసిపెడతానా?"

మరుసటి సుగ్గికి ఆ నాగు కింద నా చేతులకు బంగారు గాజులొచ్చాయి. ఇంకా బాకీ ఉండాదనే అంటుండేది మా అత్త.