మల్లయ్య మూతి మీద బ్యాండు మాస్టర్ నవ్వు

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. గొప్ప కోసం చెప్పడం లేదు, నా పని అలాంటిది. మెదక్ బస్టాండు దగ్గర నాకు ఫ్లెక్సీ షాపు ఉంది. పన్నెండేళ్లుగా పోయినవాళ్ల మొహాలకు కంప్యూటర్లో దండలు వేస్తున్నాను. దయ్యాలే గనక ఉంటే ముందు నా షాపుకే రావాలి. వాళ్ల పేర్లలో నేను చేసినన్ని తప్పులు ఇంకెవరూ చేసి ఉండరు.

ఇప్పుడు రాస్తున్న సంగతి మాత్రం తలుచుకుంటేనే కంపరంగా ఉంటుంది. సగం కంపరం నా మీదే.

పక్క షాపులో ఫోన్లు రిపేరు చేసే ఇర్ఫాన్, నేను చిన్నప్పటి దోస్తులం. పోయిన దసరా సెలవుల్లో వాడు నా కంప్యూటర్లో ఒక గేమ్ ఎక్కించాడు. ఎక్కడో నలుగురైదుగురు కలిసి, ప్రతి బొమ్మా చేత్తో గీసి చేసిన గేమ్ అట. చూస్తే మన తాతల కాలం నాటి కార్టూన్లలా ఉంటుంది. రబ్బరు గొట్టాల్లాంటి చేతులు, తెల్ల గ్లౌజులు, గీతలు పడ్డ పాత రీలు, వెనక బ్యాండు మేళం. మా నాయన సైన్‌బోర్డులు రాసేవాడు. నేనూ మొదట కుంచె పట్టినవాణ్ణే. ఆ గీత చూడగానే పడిపోయాను.

ఆట మాత్రం మహా కష్టం. మూడు దెబ్బలు తగిలితే అయిపోయినట్టే, మళ్లీ మొదటి నుంచి ఆడాలి. నేను అందులో ఒక బ్యాండు మాస్టర్‌ను ఓడించలేక అక్కడే ఇరుక్కుపోయాను. వాడి పొట్టే డోలు. ఓడిన ప్రతిసారీ వాడి మొహం తెర నిండా వచ్చి నవ్వుతుంది. కుడివైపు మూతి పైకి లేస్తుంది. చిగుళ్లు తడిగా మెరుస్తుంటాయి. పైన ఏడు పళ్లు, పసుపు పచ్చవి, మూడోది సగం విరిగింది. ఆ సందులోంచి ఉమ్మి తీగలా సాగుతుంది. గీసినవాడి చేతికి దండం పెట్టాలి గానీ, చూడగానే నేను మొహం పక్కకు తిప్పుకునేవాణ్ణి. అయినా సిగ్గులేకుండా మళ్లీ ఆడేవాణ్ణి.

చలికాలం మొదట్లో ఒక మధ్యాహ్నం టేక్మాల్ నుంచి నర్సమ్మ అనే పెద్దావిడ వచ్చింది. భర్త మల్లయ్య పోయి వారమైంది. దశదినకర్మకు ఫ్లెక్సీ కావాలంది. ఆయనది ఉన్నది ఒక్కటే ఫోటో. బిగించిన పెదవులు, కింది పెదవి కింద చిన్న గాటు.

"జర నవ్వుతున్నట్టు చెయ్యి బిడ్డా," అంది. "ముప్పై ఏండ్ల కాపురంల నన్ను జూసి నవ్వింది లేదు. గోడ మీదనన్న నవ్వనియ్యి."

మా పనిలో ఇది మామూలే. మా అందరి దగ్గరా కోట్ల ఫోల్డరు ఒకటి ఉంటుంది. బతికినన్నాళ్లూ బనియన్ మీద తిరిగిన మనిషికి కూడా పోయాక నీలం కోటు తొడుగుతాం. మూసిన కళ్లు తెరుస్తాం, జుట్టు నల్లగా చేస్తాం. నోరు మాత్రం ఇంకొకరిది పెట్టం. బతికున్నవాళ్ల నోరు పోయినవాళ్లకు పెడితే మంచిది కాదంటారు. నేను నమ్మను గానీ పాటిస్తాను. ఎవరైనా గుర్తుపడితే గొడవ.

ఆ రోజు అప్పుడే ఓడిపోయి, మళ్లీ మొదలుపెట్టబోతూ లేచాను. తెర మీద బ్యాండు మాస్టర్ ఇకిలిస్తూ ఉన్నాడు. ఈ నోరు బతికున్న మనిషిది కాదు, పోయిన మనిషిదీ కాదు, ఏం ఫరక్ పడుతుందిలే అనుకున్నాను. తొందరగా పంపించేసి మళ్లీ ఆటకు కూర్చోవాలని నా ఆత్రం. ఆ మొహాన్ని స్క్రీన్‌షాట్ తీసి, మల్లయ్య పెదవులను ఆ వంపు మీదికి లాగాను. పళ్లు వాడివే పెట్టి, రంగు తగ్గించి, కొంచెం మసక చేశాను. మిర్చి బజ్జీ తిన్న నూనె చేత్తోనే చేశాను. పది నిమిషాలు కూడా పట్టలేదు.

నర్సమ్మ తెర దగ్గరికి వంగి చూసింది.

"మర్చిపోయిన బిడ్డా. పెండ్లి నాడు ఒక్కసారి నవ్విండు. అచ్చం గిట్లనే, కుడిదిక్కు మూతి లేపి," అని కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

నాకు ఆమె మొహం చూడబుద్ధి కాలేదు. చేతులు కడుక్కునే సాకుతో బయటికి వెళ్లాను. ప్రింట్ తీసి, మడత పడకుండా చుట్టి ఇచ్చి పంపించాను.

తర్వాత ఆటకు కూర్చుని ఎప్పట్లాగే ఓడిపోయాను. బ్యాండు మాస్టర్ మొహం వచ్చింది. నవ్వలేదు. పెదవులు బిగించి ఉన్నాయి. కింది పెదవి కింద చిన్న గాటు ఉంది.

ఇర్ఫాన్‌ను పిలిచాను. వాడు తన ల్యాప్‌టాప్ తెచ్చి పక్కన పెట్టి ఆడి ఓడిపోయాడు. "నా దాంట్ల మంచిగనే ఇకిలిస్తుండు గదరా. నీ ఫైల్ ఖరాబైనట్టుంది," అన్నాడు. నా కంప్యూటర్లోంచి గేమ్ తీసేసి, మళ్లీ కొత్తగా ఎక్కించాడు. అదే బిగించిన మూతి. అప్పటికీ నేను భయపడలేదు. ఆ పాడు నవ్వు పోయింది, పీడ విరగడైంది అనుకున్నాను. ఆ వారంలోనే ఇర్ఫాన్ ల్యాప్‌టాప్‌లో కూడా పోయింది.

మూడు నెలల తర్వాత నర్సమ్మ ఫోన్ చేసింది. ఎండకు ఫ్లెక్సీ రంగు దిగిపోతోందట. "నవ్వు పోకముందే చిన్న ఫోటో చేసి లామినేషన్ చేసియ్యి బిడ్డా," అంది.

ఫైల్ తెరిచాను. నీలం కోటు ఉంది, దండ ఉంది. మల్లయ్య నోరు మూసి ఉంది. ప్రింటుకు పంపిన ఫైల్లోనూ అంతే. నేను తీసిన స్క్రీన్‌షాట్‌లో బ్యాండు మాస్టర్ నోరు కూడా మూసే ఉంది.

మర్నాడు బస్సెక్కి టేక్మాల్ వెళ్లాను. ఫ్లెక్సీ అరుగు మీద గోడకు కట్టి ఉంది. కోటు బూడిద రంగుకు వచ్చింది, దండలో పూలు తెల్లబోయాయి. పళ్లు మాత్రం నేను తగ్గించిన రంగులో లేవు, పసుప్పచ్చగా ఉన్నాయి. చిగుళ్లు తడిగా మెరుస్తున్నాయి. వేలితో తాకి చూశాను. పొడిగానే ఉంది. అయినా ఆ వేలిని ప్యాంటుకు తుడుచుకున్నాను, ఇంటికొచ్చి సబ్బుతో రెండుసార్లు కడిగాను.

ఫోన్‌తో మూడు ఫోటోలు తీశాను. మూడింటిలోనూ నోరు మూసి ఉంది. పక్కింటివాళ్ల ఫోన్ అడిగి తీశాను, అంతే. తలెత్తి చూస్తే గోడ మీద ఆ మొహం ఇకిలిస్తూనే ఉంది.

నర్సమ్మ చాయ్ తెచ్చి పక్కన కూర్చుంది. "పొద్దుగాల తలుపు తియ్యంగనే నన్ను జూసి నవ్వుతుండు. గిన్నేండ్లకు," అంది.

చాయ్ గ్లాసు అరుగు మీద పెట్టేశాను. ఆ నవ్వు ఎందుకు గీశారో నాకు తెలుసు. ఓడిపోయినవాళ్లను వెక్కిరించడానికి గీశారు. దాన్ని తీసుకెళ్లి ముప్పై ఏళ్లు ఒక్క నవ్వు కోసం ఎదురుచూసిన మనిషి గుమ్మం పక్కన కట్టించాను. చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. చెప్పలేకపోయాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

తర్వాత ఫోటోకు బదులు మల్లయ్య నవ్వును కుంచెతో గీసి చూశాను. ఐదు బొమ్మలు వేసి నర్సమ్మకు చూపించాను. ప్రతిదాన్నీ చేతిలోకి తీసుకుని, "గీయన ఎవరో బిడ్డా," అని తిరిగి ఇచ్చేసింది.

ఇదంతా ఎలా జరిగిందో ఎంత ఆలోచించినా నాకు అంతుపట్టలేదు. ఇర్ఫాన్ ఆ మాటెత్తితే లేచి వెళ్లిపోతున్నాడు. నేను మాత్రం రోజూ మధ్యాహ్నం షట్టర్ సగం దించి ఆటకు కూర్చుంటున్నాను. ఈమధ్య నాకు ఆట బాగానే వచ్చింది, కావాలంటే గెలవగలను. కావాలనే దెబ్బలు తిని ఓడిపోతున్నాను. వాడు ఒక్కసారి నన్ను చూసి ఇకిలిస్తే చాలు, ఫోటో తీసి ఆ నవ్వు నర్సమ్మకు చేసిద్దామని ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చుంటున్నాను.

ఎండలు ముదిరాయి. నిన్న నర్సమ్మ ఫోన్ చేసి, ఫ్లెక్సీలో ఆ విరిగిన పన్ను ఇప్పుడు కనిపిస్తలేదని చెప్పింది. ఇవాళ పదిహేనుసార్లు ఓడిపోయాను. వాడు నోరు తెరవలేదు.