కాలు కోసిన కప్ప

ఈ రోజు పొద్దున బెజవాడలో గాలాలమ్మే కొట్టుకు వెళ్లాను. కొరమేనుకు ఎరగా వేసే రబ్బరు కప్ప అడిగితే, కొట్టు కరీం భాయ్ బ్లేడు తీసి, దాని వెనక కాలు ఒకటి కోసి మరీ నా చేతిలో పెట్టాడు. కొత్త సరుకు పాడుచేశాడని ముందు చిరాకేసింది, ఆ తర్వాత గుర్తొచ్చింది.

అలా కోయించుకునేది నా స్నేహితుడు ప్రసాదు. కుంటి కప్పనే కొరమేను నమ్ముతుందని వాడి వాదన. నేనెప్పుడూ ఒప్పుకోలేదు. వాడు పోయి ఏడాది దాటింది. ఆ సంగతి భాయ్‌కి తెలియదు.

“నాకెందుకు కోశావు భాయ్?”

“ప్రసాద్ గారే చెప్పారండీ, ఈసారి మీరొస్తే ఇలాగే కోసి ఇమ్మని. మొన్న ఆదివారం వచ్చారుగా!”

ఎవరినో చూసి పొరబడి ఉంటాడని సర్దిచెప్పుకుని, పామర్రు దగ్గర కాలువలో ఆ కప్పే వేశాను. మొదటి విసురుకే కొరమేను పడింది. నాకు చేప పడితే చాలు, ప్రసాదు వెనకనుంచి వీపు మీద ఒక్కటి చరిచేవాడు. ఈ రోజు గట్టు మీద నేనొక్కణ్నే ఉన్నాను. అయినా వెనక్కి చూడకుండా, చేపను నీళ్లలో వదిలేసి వచ్చేశాను.

వీపు ఇంకా మండుతోంది. ఎండకు కమిలిందంటోంది మా ఆవిడ. నేను చొక్కా వేసుకునే వెళ్లాను. మీరేమంటారు?